రంగు వెనక కథ

విశాఖలో బయల్దేరిన కిరండూల్ బండి బొడ్డవర దాటిందంటే చాలు... పిల్లలు కిటికీ వదలరు. సొరంగం వస్తే ఒక కేక, బండి వంపు తిరిగి ముందున్న ఇంజిను కనిపిస్తే మరో కేక. ‘మా రోజుల్లో ఇంజినంటే నల్లగా, పొగలు కక్కుతూ వచ్చేది’ అంటారు పక్కనున్న తాతగారు. ‘నలుపే ఎందుకు తాతయ్యా?’ అని పిల్లలు అడిగితే మాత్రం కాస్త తడుముకోవాల్సిందే!

కొత్తవలస-కిరండూల్ లైను 1960లలో వేసింది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడం దాని లక్ష్యం. అప్పటికే డీజిల్ ఇంజిన్లు వచ్చేశాయి. 1980ల ఆరంభంలో కరెంటు తీగలూ వచ్చాయి. ఏ రంగు వేసినా ఖనిజం మోసే వ్యాగన్లు చివరికి ఎర్రదుమ్ము రంగులోకే తిరుగుతాయిక్కడ. ప్రయాణికుల పెట్టెలు మాత్రం ఒకప్పటి ఇటుకరంగు వదిలి 1990లలో నీలంలోకి మారాయి. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె 2017లో వచ్చి చేరింది.

తాతగారి నల్ల ఇంజిను సంగతి తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. ఇవే తూర్పు కనుమల్లో పార్వతీపురం, రాయగడల మీదుగా వెళ్లే విజయనగరం-రాయ్‌పూర్ లైను 1931లో పూర్తయింది. అది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేది. ఆ కంపెనీకి ఇంజిన్లు ఇంగ్లండులో తయారై ఓడల మీద వచ్చేవి. 1929లో మాంచెస్టర్ నుంచి వచ్చిన గారట్ ఇంజిన్లలో ఒకటి ఇప్పటికీ ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది.

ఇంజిన్లు పుట్టిన ఆ దేశంలో మాత్రం అప్పుడు రంగుల పండగే! 1923లో అక్కడి రైల్వేలన్నీ నాలుగు పెద్ద కంపెనీలయ్యాయి. ఒకరిది లేత ఆపిల్ పచ్చ, మరొకరిది ముదురు ఎరుపు. ఇంకొకరిది ముదురు పచ్చ, దానికి తోడు పొగగొట్టానికి తళతళలాడే రాగి అంచు. నాలుగో వారిది ఆలివ్ పచ్చ. దూరం నుంచి చూసి ఏ కంపెనీ బండో పిల్లలు చెప్పేసేవారట. 1935లో ఒక రైలు మొత్తం వెండిరంగులో మెరిసింది. 1938 జులై 3న గంటకు 126 మైళ్ల వేగంతో ఆవిరి ఇంజిన్ల రికార్డు కొట్టిన మల్లార్డ్‌ది నీలం. మన దేశంలోనూ 1930లో మొదలైన దక్కన్ క్వీన్ ఒక జత పెట్టెలను వెండి-ఎరుపులో, మరో జతను నీలం-బంగారు గీతల్లో దింపింది.

అయితే రంగుకు ఖర్చుంది. మసిబారిన ఇంజిన్ను రోజూ తుడిచి మెరిపించడానికి మనుషులు కావాలి. అందుకే 1928లోనే ఎర్ర ఇంజిన్ల కంపెనీ ఆ రంగును ఎక్స్‌ప్రెస్ ఇంజిన్లకే పరిమితం చేసి, మిగతా వాటికి నలుపు పూసేసింది. 1939లో యుద్ధం వచ్చాక తుడిచే చేతులూ, పెయింటూ కరవై, చాలా ఇంజిన్లు నలుపెక్కాయి. మసి కనపడని రంగు మరి! తాతగారి జ్ఞాపకం వెనకున్న లెక్క ఇదే.

పాత ఇంజిన్లకు ఇప్పుడు మళ్లీ రంగు వేయాలంటే ఇంకో చిక్కు. ప్రసిద్ధికెక్కిన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌ను బాగుచేసి 2016లో పట్టాలెక్కించినప్పుడు జనం మెచ్చిన ఆపిల్ పచ్చ వేయలేదు. దానికున్న జంట పొగగొట్టం, పొగను పక్కకు తోసే రేకులూ తర్వాతి కాలంనాటివి. అందుకని ఆ కాలపు ముదురు పచ్చే వేశారు. అందంకన్నా నిజానికే ఓటు!

మన స్టేషన్ల ముందూ, పార్కుల్లోనూ దిమ్మెల మీద నిలబెట్టిన ఇంజిన్లకూ ఈ మాట వర్తిస్తుంది. ఏటా చేతికందిన రంగు పూసుకుంటూ పోతే, వాటి అసలు రంగు తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక అడగడానికి ఎవరూ మిగలరు. పెయింటు డబ్బా మూత తీసేముందు పాత ఫొటోనో, ఆ ఇంజిను నడిపిన పెద్దాయన్నో వెతకడం పెద్ద ఖర్చేం కాదు.

ఈసారి అరకు బండి ఎక్కితే తాతగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఆయన చూసిన ఇంజిను ఏ రంగులో ఉండేదో, దాన్ని ఎవరు తుడిచేవారో పిల్లల చేత అడిగించండి. అరకు చేరేలోపు బోలెడు సొరంగాలున్నాయి... కథలకు కావల్సినంత సమయం!