గోడకు ఫొటో.. మేస్త్రీకి లెక్కే లేదు!

చిన్న ఇళ్ల పని చట్టానికి వెలుపలే * మనసు బాధ ఎవరి పద్దులోనూ చేరదు

జనగామ, మహబూబాబాద్‌, భూపాలపల్లి: ఇందిరమ్మ ఇంటికి పునాది పూర్తయితే లక్ష రూపాయలు, గోడలు లేస్తే లక్షా పాతిక వేలు, స్లాబు పడితే లక్షా డెబ్భై అయిదు వేలు, అంతా ముగిశాక మరో లక్ష. రూ.5 లక్షల సాయాన్ని ఇలా దశలవారీగా ఇవ్వాలన్నది పథకానికి నిర్ణయించిన పద్ధతి. ప్రతి దశలోనూ కట్టడం ఫొటో తీసి ఆన్‌లైన్‌లో నమోదు చేస్తేనే బిల్లు కదులుతుంది. అంటే సర్కారు కొలమానం గోడ. ఆ గోడను లేపిన మేస్త్రీ ఏ కర్రల మీద నిలబడ్డాడు, సిమెంటు తట్ట మోసిన కూలీ తలకు ఎంత ఎత్తున కరెంటు తీగ పోతోంది అన్న ప్రశ్నలు బిల్లుకు అడ్డం రావు.

2024 మార్చి 11న భద్రాచలంలో ఆరంభమైన ఈ పథకం తొలి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు లక్ష్యం. జనగామ, స్టేషన్‌ ఘన్‌పూర్‌, పాలకుర్తి, మహబూబాబాద్‌, డోర్నకల్‌, భూపాలపల్లి నియోజకవర్గాల పల్లెల్లోనూ తండాల్లోనూ ఒకేసారి వేలాది ఇళ్లకు ముగ్గులు పోయడమంటే, తాపీ పట్టిన ప్రతి చేతికీ పని దొరికినట్టే. పని దొరకడం మంచిదే. ఆ పని ఎవరి రక్షణలో జరుగుతోందన్నదే విచారించవలసిన విషయం.

పెద్ద ప్రాజెక్టులలో ప్రమాదం జరిగితే రాష్ట్రమంతా తెలుస్తుంది. 2022 జులైలో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పనుల్లో కొల్లాపూర్‌ సమీపంలోని రేగుమానుగడ్డ వద్ద క్రేన్‌ తీగ తెగి అయిదుగురు మరణించారు. 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోగా, వారాల తరబడి సాగిన గాలింపులో ఇద్దరి మృతదేహాలే లభించాయి. అప్పుడు మంత్రులు వచ్చారు, సైన్యం వచ్చింది. రెండు గదుల ఇంటి గోడ మీద నుంచి జారిపడి నడుము విరిగిన మేస్త్రీ ఇంటికి ఎవరూ రారు. ఊరి పెద్దల సమక్షంలో ఒక మాట అనుకుంటారు, ఆసుపత్రి ఖర్చులో కొంత ఇస్తారు, అంతటితో సరి. ఇంటి యజమానిని తప్పుపట్టడమూ కష్టమే. ఆయనా సర్కారు సాయం కోసం ఎదురుచూసే పేదవాడే.

పది మంది.. యాభై లక్షలు

ఈ దుస్థితికి మూలం చట్టంలోని నిర్వచనంలోనే ఉంది. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం పది మంది, ఆపైన పనిచేసే చోటికే వర్తించేది. రూ.10 లక్షలు మించని సొంత ఇంటిని అది మినహాయించింది. ఆ చట్టం స్థానంలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. పది మంది నిబంధన అలాగే నిలిచింది. సొంత ఇంటి మినహాయింపు మాత్రం రూ.50 లక్షలకు పెరిగింది. సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే పరిమితి కాబట్టి, జనగామ పట్టణంలో రూ.30 లక్షలతో కట్టుకునే ఇంటిపై నిన్నటివరకు రావలసిన ఒక శాతం సెస్సు కూడా ఇక అక్కరలేదు. ఇల్లు కట్టుకునేవారికి ఇది ఊరటే. అయితే కార్మికుల సంక్షేమ మండలికి నిధి సమకూరేది ఆ సెస్సుతోనే.

కొత్త కోడ్‌లో మేలైన అంశాలు లేకపోలేదు. భద్రతాధికారిని నియమించాలనీ, వార్షిక వైద్య పరీక్షలు ఉచితంగా చేయించాలనీ అది చెబుతోంది. కానీ నిర్మాణ పనుల్లో భద్రతాధికారి తప్పనిసరి అయ్యేది 250 మంది ఉన్నచోటనే. భూపాలపల్లి, మహబూబాబాద్‌ జిల్లాల మీదుగా సాగే నాగపూర్‌-విజయవాడ రహదారి వంటి పనులకు అది వర్తించవచ్చు. ఒక మేస్త్రీ, ఇద్దరు కూలీలు, ఇటుకలందించే ఒక మహిళ ఉన్నచోట వర్తించదు. మన జిల్లాల్లో నిర్మాణమంటే ఎక్కువగా ఈ నలుగురే.

ఒకే ఊరు.. రెండు ధర్మాలు

భూపాలపల్లిలో ఈ వ్యత్యాసం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడి కేటీకే గనుల్లోకి దిగే సింగరేణి కార్మికుడు ముందుగా శిక్షణ కేంద్రంలో తర్ఫీదు పొందాలి. హెల్మెట్‌, బూట్లు, క్యాప్‌ ల్యాంప్‌ లేనిదే దిగరాదు. నిర్ణీత కాలానికొకసారి వైద్య పరీక్ష ఉంటుంది. గనిలో ఒక ప్రాణం పోతే గనుల భద్రత డైరెక్టరేట్‌కు తెలియజేయాలి, విచారణ జరగాలి. గనుల్లో ప్రమాదాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ అక్కడ మరణానికి ఒక లెక్క ఉంది, ఆ లెక్క వెనుక 1952 గనుల చట్టం నుంచి వచ్చిన సంప్రదాయం ఉంది, యూనియన్ల పోరాటం ఉంది.

అదే పట్టణంలో, అదే గని కార్మికుడి సొంత ఇంటిపై రెండో అంతస్తు వేస్తున్న మేస్త్రీకి వీటిలో ఏ ఒక్కటీ లేదు. చెప్పులు విడిచి గోవ కర్రల మీదికి ఎక్కుతాడు. తువ్వాలే హెల్మెట్‌. ఇనుప చువ్వ పైకందిస్తున్నప్పుడు 11 కేవీ తీగ తగలడం, కర్ర కట్టు సడలడం, తడి ఆరని గోడ ఒరగడం.. కారణాలు కొత్తవి కావు, నివారణా ఖరీదైనది కాదు. మే నెలలో ఎండ మరొక శత్రువు. వడగాలులను 2025లో రాష్ట్ర ప్రభుత్వం విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు రూ.4 లక్షల సాయం ప్రకటించింది. మధ్యాహ్నం పని ఆపమని మేస్త్రీకి చెప్పేవారు మాత్రం లేరు. ఆపితే ఆ పూట కూలి ఎవరిస్తారు?

రెండు వాక్యాల వార్త

దేహానికి తగిలిన దెబ్బ కనిపిస్తుంది. మనసుకు తగిలినది కనిపించదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 26.4 శాతం దినసరి కూలీలు. వ్యవసాయ కూలీలను ఇందులో కలపలేదు, వారి లెక్క వేరు. భవన నిర్మాణ కార్మికులెందరో విడిగా చెప్పే గడి ఆ పట్టికలో లేదు. కారణాల్లో అగ్రస్థానం ‘కుటుంబ సమస్యల’ది, 31.7 శాతం. మా జిల్లా పేజీల్లోనూ ఇవి రెండు వాక్యాల వార్తలే. ‘మద్యానికి బానిసై’, ‘కుటుంబ కలహాలతో’ అని రాసి ముగిస్తాం. ఆ మద్యం వెనుక మానని నడుము నొప్పి ఉందా, ఆ కలహం వెనుక రాని బిల్లు ఉందా అని మేమూ అడగము.

రాని బిల్లు సంగతి కొంత వివరించాలి. గుత్తకు ఇల్లు ఒప్పుకున్న మేస్త్రీ కూలీలకు ఏ రోజు డబ్బు ఆ రోజే ఇవ్వాలి. ఇంటి యజమానికి దశ బిల్లు వచ్చేది నెమ్మదిగా. మధ్యలోని అంతరాన్ని మేస్త్రీ వడ్డీకి తెచ్చి పూడుస్తాడు. రెండు మూడు ఇళ్ల బిల్లులు ఒకేసారి ఆగితే, కూలీల ముందు మాట పోయినవాడూ అప్పులవాడి ముందు తల దించినవాడూ అతడే. వానలు పడితే పనీ ఆగుతుంది, వడ్డీ ఆగదు. జనగామ నుంచి రైలెక్కి హైదరాబాదుకు వలసపోయినవారిది మరో రకం బాధ. కట్టే అపార్టుమెంటులోనే రేకుల గదిలో కాపురం, ఊళ్లో పిల్లలు, పక్కన పలుకరించే బంధువు లేడు.

ఇది మన ఒక్క చోటి జబ్బు కాదు. అమెరికాలో 2021 లెక్కల ప్రకారం నిర్మాణ, తవ్వకం పనుల్లోని పురుషుల ఆత్మహత్యల రేటు లక్షకు 65.6. పనిచేసే పురుషులందరి సగటుకు అది రెండింతలు. హెల్మెట్లు, భద్రతాధికారులు పుష్కలంగా ఉన్న దేశంలోనే ఇదీ పరిస్థితి.

పక్కనున్నవాడే దిక్కు

ఆస్ట్రేలియాలో 2008లో నిర్మాణ రంగంలో మొదలైన ‘మేట్స్‌ ఇన్‌ కన్‌స్ట్రక్షన్‌’ పద్ధతి గమనించదగింది. పని చోటనే కొందరు తోటి కార్మికులకు తర్ఫీదు ఇస్తారు. నాలుగు రోజులుగా మాట్లాడని మనిషిని పలుకరించడం, అవసరమైతే వైద్యుని వద్దకు చేర్చడం వారి పని. మేట్‌ అన్న మాట మన పల్లెలకు కొత్త కాదు, ఉపాధి హామీ కూలీల గుంపునకు మేట్లు ఉండేవారు. మస్టరు రాయించినవారితోనే మనసు వినిపించుకునే పనీ చేయించవచ్చు.

మూడు జిల్లాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో మొదలయ్యాయి. 14416 నంబరుకు చేస్తే టెలీ మానస్‌ సలహాదారు ఏ వేళనైనా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. ఈ నంబరును లేబర్‌ అడ్డాల వద్ద, సిమెంటు దుకాణాల వద్ద రాయించడానికి పెద్ద ఖర్చు కాదు. ప్రమాద మరణ పరిహారాన్ని రూ.10 లక్షలకు పెంచుతున్నట్లు రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. అయితే గుర్తింపు కార్డు ఉన్నవారికే ఆ సాయం. ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపిన 18-60 ఏళ్లవారికే ఆ కార్డు. పూటకో ఇంట్లో పనిచేసే కూలీకి ఆ ధ్రువీకరణ ఎవరివ్వాలి?

దానికి జవాబు ఇందిరమ్మ ఇంటి ఫొటోలోనే ఉంది. ఇంటికి నాలుగుసార్లు బిల్లు నమోదవుతుంది. ఆ నమోదులోనే అక్కడ పనిచేసినవారి పేర్లు, రోజులు రాస్తే 90 రోజుల లెక్క దానంతటదే తేలుతుంది. గోడల దశలో గోవ గట్టిగా ఉందా, స్లాబు దశకు ముందు విద్యుత్తు శాఖ తీగ జరిపిందా అని రెండు గడులు చేరిస్తే చాలు. దీనికి పార్లమెంటు అక్కరలేదు, గృహనిర్మాణ, కార్మిక శాఖల మధ్య ఒక ఉత్తర్వు సరిపోతుంది. ముగ్గులు పోసిన ఇళ్లలో స్లాబు దాకా రానివి ఎన్నెన్నో గృహనిర్మాణ శాఖ వద్ద ఊరి వారీగా జాబితా ఉంటుంది. మొదట తీగ జరపవలసినవి ఆ ఇళ్ల మీదుగా పోయేవే.