ఉప్పుడు బియ్యానికీ హేతువాదానికీ ఏమిటి సంబంధం?

మా టెల్కో కాలనీలో ఖరంగాఝార్ మార్కెట్‌కి వెళ్లి బియ్యం అడిగితే కొట్టువాడు మొదట వేసే ప్రశ్న ఒకటే. "అరవానా, ఉస్నానా?" అరవా అంటే పచ్చి బియ్యం, ఉస్నా అంటే ఉప్పుడు బియ్యం. బెంగాలీలు, ఒడియావాళ్లు, ఇక్కడి ఆదివాసులు ఎక్కువగా ఉస్నా కొంటారు. మన తెలుగువాళ్లు మాత్రం అరవానే తీసుకుంటారు. ఎందుకని అడిగితే మా వీధిలో ఒక పెద్దాయన చెప్పిన జవాబు ఇది: "అది వాసన వస్తుంది బాబూ. అయినా అది మన తిండి కాదు."

వాసన నచ్చకపోతే తప్పు లేదు, ఎవరి ముక్కు వాళ్లది. నా అభ్యంతరం రెండో వాక్యం మీద. "అది మన తిండి కాదు" అన్న మాటకీ, "అది మన ఆచారం కాదు" అన్న మాటకీ తేడా ఏమిటి? ఆచారాన్ని ప్రశ్నించే మనం తిండి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు నోరు మూసుకుంటాం?

జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామంది తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గంజాం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లే. ఆ తీర ప్రాంతాన్ని బ్రిటిష్ వాళ్ల కాలంలో ఉత్తర సర్కారులు అనేవాళ్లు. ఆ రోజుల వైద్య గ్రంథాల్లో ఉత్తర సర్కారులకి ఒక చెడ్డపేరు ఉంది. మన దేశంలో బెరిబెరి వ్యాధికి ప్రధాన కేంద్రం అదే. కాళ్లు తిమ్మిరెక్కి, నరాలు చచ్చుబడి, ఒళ్లు వాచి, కొందరికి గుండె ఆగిపోయే జబ్బు అది.

కారణం మరబట్టిన తెల్లటి పచ్చి బియ్యం. రైస్ మిల్లులు రాకముందు ఇంట్లో దంచుకున్న బియ్యానికి కొంత తవుడు అంటి ఉండేది. మిల్లు ఆ తవుడు తీసేసింది, దానితో పాటు బి1 విటమిన్ పోయింది. మిగిలిన కాస్తా బియ్యం కడిగిన నీళ్లలోనూ, వార్చిన గంజిలోనూ పోయింది. కానీ మరబట్టిన బియ్యమే తింటున్నా ఉప్పుడు బియ్యం తినేవాళ్లకి ఈ జబ్బు చాలా అరుదు. ఎందుకంటే వడ్లని నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టినప్పుడు పై పొరల్లోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత మరబట్టినా చాలావరకు నిలుస్తుంది. అంటే మందు పక్కవాడి కుండలోనే ఉంది, మనకి మాత్రం అది "మన తిండి కాదు".

ఈ సంగతి ఏ ఋషీ ధ్యానంలో కనిపెట్టలేదు. 1890లలో జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్ డాక్టర్ దగ్గర ఉన్న కోళ్లకి బెరిబెరి లాంటి జబ్బు వచ్చింది. వాటికి మిలిటరీ ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం పెడుతున్నారు. కొత్తగా వచ్చిన వంటవాడు మిలిటరీ అన్నం కోళ్లకి పెట్టనన్నాడు. ముడిబియ్యం పెట్టగానే కోళ్లు కోలుకున్నాయి. ఐక్‌మన్ దీన్ని పరిశీలించాడు గానీ తెల్లన్నంలో ఏదో విషం ఉందనుకున్నాడు. అది విషం కాదు, తవుడులో ఉన్న అవసరమైన పదార్థం ఏదో లోపించడం అని 1901లో గెరిట్ గ్రెయిన్స్ సరిదిద్దాడు. 1929లో నోబెల్ బహుమతి ఐక్‌మన్‌కి వచ్చింది. నోబెల్ వచ్చినవాడి మాట కూడా తప్పు కావచ్చు, దాన్ని ఇంకొకడు సరిదిద్దవచ్చు. సైన్స్‌కీ గురువుకీ తేడా ఇక్కడే ఉంది.

మన దేశంలో 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి మీద ఒక చిన్న పరిశోధనా విభాగం పెట్టాడు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకి మారి, ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన వాళ్ల తెల్లన్నం జబ్బు కోసం మొదలైన పరిశోధన ఇవాళ దేశమంతటికీ ఏం తినాలో చెబుతోంది. మనం వింటున్నామా?

వినడం లేదు. మనం వేరేవాళ్ల మాట వింటున్నాం.

మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె మానేయండి, రోజుకి అయిదు లీటర్ల నీళ్లు తాగండి అన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం మానేసి కొబ్బరి నూనె తాగమన్నారు. ఖాదర్ వలీ గారు కొర్రలు, అండుకొర్రలు, అరికలు, సామలు, ఊదలు తినండి, ఒక్కో జబ్బుకి ఒక్కో ధాన్యం, ఒక్కో కషాయం అన్నారు. తెలుగునాట ఏది మొదలైనా టీవీ ద్వారానో, ఫోన్ ద్వారానో నెల తిరిగేసరికి టెల్కోకి కూడా వచ్చేస్తుంది.

వీళ్లు చెప్పిందంతా తప్పు అనడం కూడా హేతువాదం కాదు. ఉప్పు తగ్గించాలన్నది నిజం. రోజుకి 5 గ్రాముల లోపే తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. పిండిపదార్థాలు తగ్గిస్తే చాలామందికి షుగర్ తగ్గుతుంది, అదీ నిజమే. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, మంచిదే. కానీ గుండె నీరసించినవాళ్లకీ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకీ డాక్టర్లు నీళ్లు కొలిచి తాగమంటారు. అలాంటివాడు అయిదు లీటర్లు తాగితే ప్రమాదం. కొబ్బరి నూనె చెడు కొలెస్ట్రాల్ పెంచుతుందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో హెచ్చరించింది. అన్నం బదులు కొర్రలు తింటే చాలు అనేవాళ్లు 2025లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఐసీఎమ్ఆర్-ఇండియాబ్ సర్వే వివరాలు చూడాలి. భారతీయులు తినే కాలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. తెల్లన్నం బదులు గోధుమపిండో, చిరుధాన్యాల పిండో అదే మోతాదులో తిన్నవాళ్లకి డయాబెటిస్ ముప్పు తగ్గినట్టు కనబడలేదు. పిండిపదార్థాల్లో కొంత తగ్గించి ఆ మేరకు పప్పులు, పాల పదార్థాల నుంచి ప్రోటీన్ తీసుకున్నవాళ్లలోనే తక్కువ కనబడింది. రాత్రిపూట అన్నం మానేసి ఆరు చపాతీలు తినే మిత్రులు ఇది గమనించాలి.

మా వీధిలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను. రిటైరైన ఒకాయనకి షుగర్. ఒక డైట్ వీడియోలు చూసి మొదలుపెట్టాడు. ఎవరి డైట్ అన్నది ఇక్కడ అనవసరం. రెండు నెలల్లో బరువు తగ్గింది, షుగర్ కూడా తగ్గింది. ఇంతవరకు బాగానే ఉంది. ఆ నమ్మకంతో మాత్రలు మానేశాడు. ఆ తర్వాత రక్తపరీక్షలూ మానేశాడు, "నాకు తగ్గిపోయింది కదా" అని. పెళ్లిళ్లు, పండగలు వచ్చాయి, డైట్ జారిపోయింది, మాత్రలు మాత్రం తిరిగి మొదలుకాలేదు. కాలికి చిన్న పుండు పడింది, స్పర్శ లేక తెలియలేదు. చివరికి రెండు వేళ్లు తీసేశారు. ఆసుపత్రిలో నాతో అన్నాడు, "నేను సరిగ్గా చెయ్యలేదు తమ్ముడూ, ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు." మొక్కు తీరకపోతే భక్తుడు కూడా ఇదే అంటాడు. లోపం నా భక్తిలోనే అంటాడు గానీ దేవుణ్ణి అనుమానించడు.

డైట్ తప్పా ఒప్పా అన్నది కాదు ఇక్కడ ప్రశ్న. పరీక్ష మానేసిన రోజున అది డైట్ కాకుండా పోయింది, మతం అయింది. అలవాటు మార్చుకోవడం అంటే ఒక ప్రయోగం చెయ్యడం. ప్రయోగానికి కొలత కావాలి. నడుం కొలత, బీపీ, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ. అంకె బాగుంటే మాత్ర తగ్గించేది డాక్టరు. అంకె బాగులేకపోతే మార్చవలసింది డైట్, అంకెని చూడ్డం మానడం కాదు.

ఇక మన సంగతి. గ్రహణం రోజున నలుగురిలో నిలబడి ఇడ్లీ తింటాం, మంచి పనే. గోరా గారు 1972లో విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం విందు పెట్టి తిండి మీద మతం పెత్తనాన్ని బహిరంగంగా కాదన్నారు. ఆ వారసత్వం మనది. కానీ గ్రహణం పూట తినడం సులువు. మిగతా రోజుల్లో తినేదాన్ని ప్రశ్నించడమే కష్టం.

మన సభల్లో టీ ఎన్నిసార్లు తాగుతాం? కప్పుకి రెండు చెంచాలంటే 10 గ్రాముల చక్కెర. రోజుకి అయిదు కప్పులంటే 50 గ్రాములు. రెండు వేల కాలరీలు తినేవాడికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గరిష్ఠ గీత అదే. మిఠాయి ముట్టకుండానే టీతోనే గీత దగ్గరికి చేరాం. పైగా ఆ సంస్థ అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మంచిదంటోంది. ఆవకాయ, అప్పడం, ఎండుచేప, మజ్జిగలో ఇంకొంచెం ఉప్పు. అన్నీ కలిపి ఎన్ని గ్రాములో ఎప్పుడైనా లెక్క వేశామా? ఇక సాయంత్రం పెగ్గు. "కొంచెం గుండెకి మంచిదట" అని చెప్పే హేతువాదుల్ని నేను చాలామందిని చూశాను. ఆరోగ్యానికి హాని లేని మద్యం మోతాదంటూ ఏదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. తాగదలచుకుంటే తాగండి, అది మీ ఇష్టం. గుండె పేరు మాత్రం చెప్పకండి. ఇష్టానికి సైన్స్ ముసుగు వెయ్యడం జ్యోతిష్కులు చేసే పని.

నేను చేసినవి చిన్న మార్పులే. టీలో చక్కెర ముందు సగం చేశాను, తర్వాత మానేశాను. మూడు వారాలు చప్పగా అనిపించింది, ఆ తర్వాత పాత టీ తాగలేకపోయాను. పళ్లెంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాను. ఎండాకాలంలో కూల్‌డ్రింక్ బదులు ఇక్కడివాళ్ల సత్తు నేర్చుకున్నాను. వేయించిన శనగల పిండి, నీళ్లు, నిమ్మరసం, ఉల్లిపాయ. చవక, కడుపు నిండుతుంది, ప్రోటీన్ కూడా. మా పిల్లలు చిన్నప్పుడు దాన్ని "బీహారీల తిండి" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వు నేర్పింది మేమే.

ఉస్నా కూడా కొంటున్నాను. అది షుగర్‌కి మందని కాదు, అదీ అన్నమే, కొలిచే తినాలి. నేను కొత్త గురువుని కాదలచుకోలేదు. తెలంగాణ, కేంద్రం మధ్య 2021లో ఉప్పుడు బియ్యం మీద పెద్ద గొడవ జరిగింది. మనం పండిస్తాం, మనమే ఉడకబెడతాం, తినేది మాత్రం ఇతరులు. ఎందుకు తినకూడదో ఒక్క కారణం చెప్పమంటే అందరూ ఆ పెద్దాయన జవాబే చెబుతారు.

"మన తిండి కాదు" అన్నవాడిని ఎందుకని అడగండి. "ఇదే అసలైన తిండి" అన్నవాడిని కూడా అదే ప్రశ్న అడగండి. ముందు మీ పళ్లెం ముందు కూర్చుని మిమ్మల్ని మీరు అడగండి.