గోదావరి విహారము – సరంగు మాట



కోతలు ముగిసి చేతిలో నాలుగు డబ్బులాడునపుడు, ఆలుబిడ్డలతో గోదావరిపై పాపికొండలకు పోయి రావలెనని మనలో ననేకులకు కోరిక. అది తప్పుగాదు. కాని యెవరి పడవ యెక్కుచున్నామని విచారించువారరుదు. విత్తనములు కొనునపుడు పది గింజలు మొలకెత్తించి చూచు మనము, ప్రాణములప్పగించుచోట నేమియు నడుగమేల?

2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీని, నది వరదమీద నుండగా, కచ్చులూరుకడ నొక విహారపు పడవ మునిగెను. అందున్న 77 మందిలో బ్రతికినవారు 26 మందియే. వారిలో పెక్కురను నాటుపడవలపై వచ్చి యొడ్డు చేర్చినవారు ఆ ప్రాంతపు పల్లెవారే. మునిగిన పడవను అక్టోబరు 22వ తేదీని పైకిదీసినది కాకినాడ ధర్మాడి సత్యంగారి బృందము. వీరందఱును నీటిపై బ్రతుకు నేర్చినవారు.

కావున నా యభిప్రాయమిది: తీరమున వలలతో జీవించు కుటుంబములు సంఘముగ నేర్పడి, వాటాధనముతో పడవలను, లైఫ్ జాకెట్లను సమకూర్చుకొని, వచ్చినవారికి నదీయానమును, చేపలవేటను తామే చూపవలెను. బీదలకది సాధ్యమా యందురేమో. ఒక్కనికి సాధ్యముగాదు, సంఘము మూలమున ఎరువులు తెచ్చుకొనుట మనకు సాధ్యమైనట్లే వారికిని సాధ్యమగును.

అయితే ఊరివాడైనంతమాత్రమున అజాగ్రత్త క్షమింపదగదు. టిక్కెట్లమ్మువాడు పొమ్మన్నను, సరంగు వలదన్న పడవ కదలరాదు. జాకెట్టు భోజనమువేళనైనను విప్పరాదు. కట్టిన రుసుము మరల సంపాదింపవచ్చును. వరదపాలైన మనిషి తిరిగిరాడు.