చిన్నాయన ముఖం, ప్రింటరు చుక్కలు

మొన్న ఆళ్లగడ్డ నుంచి మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. గొంతులో కోపం. ‘అన్నా, నంద్యాలలో ఫొటో ప్రింటు వేయించినా. మిషను ఐదువేల డీపీఐ అని చెప్పినారు. తీరా చూస్తే నాయన కండ్లే సరిగ్గా కనపడల్యా. ఇది మోసం కాదా?’

చిన్నాయన పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి ఆయన రాతి విగ్రహం పొలంలో నిలపాలని పిల్లల కోరిక. ఆళ్లగడ్డలో శిల్పులకు కొదవా? దేవుడి విగ్రహాలే కాదు, నాయకులవీ ఇంటి పెద్దలవీ కూడా చెక్కుతారు. కానీ వీళ్లిచ్చిన ఫొటో చూసి శిల్పి తల అడ్డంగా ఊపాడట. ‘రెప్ప యాడ ముగిసిందో తెలీకపోతే ఎట్ల చెక్కేది? మట్టయితే దిద్దుకోవచ్చు. రాయి పోతే పోయినట్టే’ అన్నాడట.

నంద్యాల వెళ్లి ఆ ప్రింటు చూశాను. మిషను తప్పేమీ లేదు. మావాడు ఇచ్చింది వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి గ్రూపు ఫొటో. మొత్తం వెడల్పు 1600 పిక్సెళ్లు. అంత జనంలో చిన్నాయన వంతుకు వచ్చినవి 200. వాటిని కత్తిరించి పది అంగుళాల వెడల్పున సాగదీశారు. అంటే అంగుళానికి 20. చేత్తో పట్టుకు చూసే ఫొటోకి అంగుళానికి 300 ఉంటే నిండుగా ఉంటుంది. 200 ఉన్నా సర్దుకోవచ్చు. ఇరవైతో కళ్లేం కనిపిస్తాయి?

మరి ఆ ఐదువేలు? ప్రింటరు అట్టపెట్టె మీద 5760 × 1440 అని ఉంటుంది చూడండి, అది సిరా చుక్కల లెక్క. ఇంక్‌జెట్‌లో చామనఛాయ సిరా దొరకదు. మామూలుగా ఉండేవి నీలం, గులాబీ, పసుపు, నలుపు. వాటి చుక్కల్నే పక్కపక్కన చల్లి మన కంటిని నమ్మిస్తుంది. అంగుళానికి 300 పిక్సెళ్లున్న ఫొటో అయితే, ఒక్కో పిక్సెల్‌కి అటు 19, ఇటు 5, సుమారు 90 చుక్కల చోటు దక్కుతుంది. అదంతా ఆ ఒక్క పిక్సెల్ రంగు తేవడానికే సరి. ఫొటోలో లేని కనురెప్పను ప్రింటరు ఎక్కణ్నుంచి తెస్తుంది?

‘కంప్యూటర్లో 72 తీసి 300 కొడితే?’ అన్నాడు మావాడు. పాలలో నీళ్లు పోస్తే చెంబు నిండుతుంది, వెన్న పెరగదు కదా! ఈమధ్య ముఖాలు బాగుచేసే యాప్‌లూ వచ్చాయి. చక్కటి కన్నే గీసిపెడతాయి. కాకపోతే అది మా చిన్నాయన కన్ను కాదు. (బస్టాండు దగ్గర ఫ్లెక్సీలకు ఈ బాధ లేదు. రోడ్డు అవతలి నుంచి చూస్తాం కాబట్టి తక్కువ పిక్సెళ్లతోనే నెట్టుకొస్తాయి.)

చివరికి పిన్నమ్మే గుర్తుచేసింది, పెట్టెలో పాత స్టూడియో ఫొటో ఉందని. ఆయన ఒక్కరే, ఆరుకి ఎనిమిది అంగుళాలు. ఫ్రేములోంచి జాగ్రత్తగా తీశాం. అద్దానికి అతుక్కుని ఉంటే మాత్రం లాగొద్దు, అద్దంతోనే స్కాన్ చేయించండి. 600 డీపీఐలో స్కాన్ చేస్తే 3600 × 4800 పిక్సెళ్లు వచ్చాయి. పాత కాగితంలో ఉన్న వివరమే వస్తుందనుకోండి, అయినా మాకు చాలు. ఆ ఫైలును వాట్సాప్‌లో మామూలు ఫొటోలా కాక డాక్యుమెంట్‌గా పంపాం, తగ్గకుండా చేరింది. పన్నెండుకి పదహారు అంగుళాల ప్రింటు, ఫొటో పేపరు మీద. మామూలు కాగితమైతే సిరా పీల్చేసి చుక్కలు అలుక్కుపోతాయి.

ఈసారి శిల్పి ఫొటోని వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు. ‘కండ్లు దొరికినాయి. పక్కనుంచి తీసింది ఏమన్నా ఉందా? ముక్కు ఎత్తు తెలియాల’ అన్నాడు.

పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్న చిన్నాయన ఉన్నది ఆ పెళ్లి ఫొటోలోనే! మళ్లీ నంద్యాల పరిగెత్తాం. అవే 200 పిక్సెళ్లు, ఈసారి రెండంగుళాల్లో. అంగుళానికి వంద. కనుపాప తెలియలేదు గానీ, ముక్కు గీత తెలిసింది. శిల్పి దాన్ని పెద్ద ఫొటో మూలన అంటించుకుని, సుద్దముక్క అందుకున్నాడు.