వెచ్చని నెత్తురు గల చేప

చేపలు శీతల రక్త జీవులని మన పిల్లలు బడిలో చదువుకుంటారు. చుట్టూ ఉన్న నీరు ఎంత చల్లగా ఉంటే చేప దేహమూ ఇంచుమించు అంతే చల్లగా ఉంటుందని దాని భావం. దాదాపు అన్ని చేపల విషయంలోనూ అది వాస్తవమే. ఆ ‘దాదాపు’ అనే మాటను గురించే ఈ నెల ముచ్చటించదలిచాము.

మహాసముద్రాలలో ఒపా అనే చేప ఉన్నది. దీనినే మూన్‌ఫిష్ అని కూడా అంటారు. మన అంగళ్లలోని చందువాను బండి చక్రమంత పెంచి ఊహించుకోండి. రెండింటికీ చుట్టరికం లేదు గాని ఆకారం తెలుస్తుంది. వెండి ఛాయ దేహంపై తెల్లని చుక్కలు, ఎర్రని రెక్కలు, ఎర్రని నోరు, కళ్ల చుట్టూ బంగారు వలయం. వంద కిలోలకు మించి తూగినవీ ఉన్నాయి.

అమెరికా పరిశోధకుడు నికోలస్ వెగ్నర్, ఆయన సహచరులు దీని మొప్పలను పరిశీలించి 2015లో ఒక సంగతి వెల్లడించారు. చేప ప్రాణవాయువును గ్రహించేది మొప్పలలోనే. నెత్తురు చల్లని నీటికి చేరువై వేడిని పోగొట్టుకొనేదీ అక్కడే. ఒపా మొప్పలలో వెచ్చని నెత్తురు పోయే నాళాలు, చల్లబడి తిరిగివచ్చే నెత్తురు నాళాలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. వేడినీళ్ల గొట్టానికి చన్నీళ్ల గొట్టాన్ని ఆనిస్తే ఏమవుతుందో మన ఇల్లాళ్లకు వేరుగా చెప్పనక్కరలేదు. పోబోయే వేడి వచ్చేదానికి అందుతుంది. రెక్కలు అదేపనిగా ఆడించడం వల్ల పుట్టిన వేడి ఇలా దేహంలోనే నిలుస్తుంది. సుమారు 50 నుండి 300 మీటర్ల లోతులలో దీని కండరాలు చుట్టూ ఉన్న నీటికంటే దాదాపు 5 డిగ్రీలు వెచ్చగా ఉన్నట్లు తేలింది. ట్యూనా చేపలూ కొన్ని కండరాలను వెచ్చబరచుకోగలవు. కాని వాటి గుండె చల్లబడుతుంది గనుక వేడికోసం పైకి రావలసిందే. ఒపా గుండె సైతం వెచ్చగా ఉంటుంది. కాబట్టి లోతులలోనే నిలిచి చురుకుగా స్క్విడ్‌లను వేటాడగలుగుతుంది.

ఇదేమీ ఎవరి కంటా పడని చేప కాదు. హవాయి దీవులలో ట్యూనాకోసం వేసిన గాలాలకు ఎంతోకాలంగా చిక్కుతున్నదే. పూర్వం అక్కడి జాలరులు దీనిని అదృష్ట సూచకంగా భావించి, అమ్మక ఇతరులకు ఊరకే ఇచ్చేవారట. అదృష్టం మాటను మేము అంగీకరించము; ఇవ్వడం మాత్రం మాకు ఎంతో నచ్చింది.

ఇన్నేళ్లు చేతులు మారిన ఆ చేప ఒక్క జాతి కూడా కాదు. లోకమంతటా ఒకటే జాతిగా లెక్కించిన దానిలో నిజానికి ఐదు జాతులున్నాయని 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. హవాయిలో దొరికేవాటిలోనే పెద్ద కళ్లవి ఒక జాతి, చిన్న కళ్లవి మరొక జాతి. ఆ చిన్న కళ్ల చేపకు లాటిన్ భాషలో ‘ఇన్‌కాగ్నిటస్’ అని పేరు పెట్టారు. గుర్తింపునకు నోచుకోనిది అని దాని అర్థం.