పెట్టె దాచారు సరే, మోత దాచరా?

బందరు, గుడివాడ, అవనిగడ్డ రోడ్ల వెంబడి ఇళ్లున్న వారికి ఈ మోత కొత్త కాదు. పొద్దుగూకే వేళకు కారు ఒకటి వస్తుంది. అద్దాలన్నీ ఎత్తే ఉంటాయి. లోపల ఏ పాట వస్తున్నదో, పాడుతున్నది ఆడో మగో బయటివారికి తెలియదు. ఒకటే దరువు. అరుగు మీద కూర్చున్న మనిషికి గుండెల మీద గుద్దినట్లు ఉంటుంది. అల్మరాలో గిన్నెలు గలగలమంటాయి. కారు మలుపు తిరిగిపోయిన తరువాత కూడా ఆ దరువు కాసేపు వెనకబడి వినిపిస్తూనే ఉంటుంది.

కారులోకి తొంగి చూస్తే పెట్టె మాత్రం కానరాదు. డిక్కీ ఖాళీగానే ఉంటుంది. సీటు కింద, స్టెప్నీ గుంటలో, పక్క రేకు వెనుక ఎక్కడో ఒకచోట సబ్ వూఫరును ఇమిడ్చి, పైన రెక్సినో, కార్పెట్టో కప్పి ఉంటారు. కారు కొన్న కుర్రవారికి ఇప్పుడిదొక ముచ్చట. ముచ్చటను తప్పుపట్టవలసిన పని లేదు. కాని పెట్టెను ఇంత శ్రద్ధగా దాచినవారు మోతను మాత్రం వీధిలో ఎందుకు పారబోస్తున్నారన్నదే ప్రశ్న.

పనితనం చిన్నది కాదు

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. దాగి ఉండే పెట్టె చేయడం అందరికీ చేతనయ్యే పని కాదు. చిలకలపూడి రోల్డు గోల్డు నగలు, పెడన కలంకారీ అద్దకం ఎంత ఓపికతో కూడిన పనులో ఇదీ అంతే. వడ్రంగం తెలియాలి, కరెంటు తెలియాలి, లెక్క తెలియాలి.

స్పీకరు ముందుకు తోసే గాలికి, వెనక్కు తోసే గాలికి ఎప్పుడూ పడదు. రెండూ కలిస్తే ఒకదానిని ఒకటి చంపుకుంటాయి. అందుకే పెట్టె. వెనుక గాలిని లోపలే బంధించేది మూసిన పెట్టె. గొట్టం ద్వారా ఆ గాలిని లెక్క ప్రకారం బయటకు వదిలేది గొట్టం పెట్టె. రెండవ దానికి మోత ఎక్కువ, కాని చోటు ఎక్కువ కావాలి, లెక్క తప్పితే శబ్దం మొద్దుబారుతుంది. దాచడానికి అనువైనది మూసిన పెట్టెయే.

10 అంగుళాల స్పీకరుకు మూసిన పెట్టె సాధారణంగా 15 నుండి 25 లీటర్ల లోపు సరిపోతుంది. ఇంటింటికీ వచ్చే 20 లీటర్ల మంచినీళ్ల క్యాను ఎంత ఉంటుందో లోపలి చోటు సుమారు అంత. లోపల 14 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల లోతు ఉంటే 22 లీటర్లవుతుంది. అసలు కొలత స్పీకరుతో పాటు వచ్చే కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని అట్టపెట్టెతో పాటు పారవేసేవారే ఎక్కువ.

చెక్క పలకలు 18 మిల్లీమీటర్ల మందం ఉండాలి. బందరు, నాగాయలంక, కోడూరు వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల పొట్టు అదిమి చేసిన చౌక పలకలు ఉబ్బిపోతాయి. నీటికి ఓర్చే ప్లైవుడ్డే మేలు. అతుకులకు జిగురు, స్క్రూలు, ఆపైన సిలికాను పట్టించాలి. వంకర గుంటలలో చెక్క ఇమడదు గనుక అక్కడ ఫైబరు పని చేస్తారు. గుంటకు టేపు అంటించి, దాని మీద ఫైబరు గుడ్డను రెజినుతో పొరలు పొరలుగా పరచి, ఆరిన తరువాత అచ్చును ఊడదీస్తారు. తీరంలో చేపల వేటకు పోయే ఫైబరు పడవల పని చూసినవారికి ఇది తెలిసిన విద్యే. రెజిను ఘాటు మంచిది కాదు. మూసిన షెడ్డులో కాక ఆరుబయట, చేతులకు తొడుగులు వేసుకుని చేయాలి.

పెట్టె గట్టిగా కుదిరిందీ లేనిదీ తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉన్నది. స్పీకరు అట్టను వేళ్లతో నెమ్మదిగా లోపలికి నొక్కి వదలాలి. మెల్లగా వెనక్కు వస్తే గాలి దిగబడి ఉన్నట్లు. టక్కున వస్తే ఎక్కడో సందు ఉన్నట్లు.

డబ్బు వాట్ల మీద, చోటు చెవి మీద

ఇంత పని చేయించుకున్నవారు చివరకు పొరబడేది ఒక్క చోటనే. మోత చాలడం లేదని వాట్లు పెంచుతారు. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి అది స్వల్పమైన తేడా. వినడానికి రెట్టింపు అనిపించాలంటే వాట్లు సుమారు పది రెట్లు కావాలి. అంటే వేలకు వేలు పోసినా దక్కేది కొంచెమే. పైగా కారు లోపలిది చిన్న గది. అద్దాలు మూస్తే ఆ గదియే దరువును దానంతట అదే పెంచుతుంది. అందుచేత సరిగా చేసిన చిన్న పెట్టె, కొద్ది వాట్లు చాలు. నిండు కుండ తొణకదన్నది ఇక్కడ అక్షరాలా నిజం. సందులున్న పెట్టె, వదులుగా ఉన్న రేకు, చాలని తీగ ఉన్న కారే ఎక్కువగా అరుస్తుంది.

తీగ సంగతి మరీ ముఖ్యం. ఇంట్లో తిరిగే ఫ్యాను అర ఆంపియరు కూడా లాగదు. 500 వాట్ల ఆంప్లిఫయరు నిండుగా పని చేస్తే బ్యాటరీ నుండి 40, 50 ఆంపియర్లు లాగుతుంది. దానికి తగిన లావు రాగి తీగ వేయాలి. బ్యాటరీకి జానెడు, జానెడున్నర దూరంలోనే ఫ్యూజు ఉండాలి. రేకుకు రంధ్రం చేసి తీగ పంపే చోట రబ్బరు తొడుగు వేయాలి. ఇవి లేకపోతే రేకు అంచుకు తీగ ఒరుసుకుని నిప్పు పుడుతుంది. దాచిన పెట్టెలో నిప్పు కూడా దాగియే ఉంటుంది. పొగ కనబడే సరికి ఆలస్యమైపోతుంది. డిక్కీలో గ్యాసు సిలిండరు ఉన్న కార్లకు ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఎక్కడ ఉన్నవో చూడకుండా డ్రిల్లు పెట్టకూడదు. స్టెప్నీని, జాకీని ఇంట్లో వదలి ఆ గుంటలో పెట్టె పెట్టించుకున్నవారు అర్ధరాత్రి కరకట్ట మీద టైరు పగిలినప్పుడు పాటలు వింటూ కూర్చోవలసిందే.

కాలువ గట్ల మీద చెవి కావాలి

ఈ ప్రాంతపు రోడ్లు సంగతి తెలియనిది కాదు. ఒక పక్క కాలువ, ఒక పక్క చేను, మధ్యన సన్నని తారు. విజయవాడ నుండి అవనిగడ్డ వరకు కరకట్ట మీద, లాకుల దగ్గర, వంతెనల మలుపుల వద్ద ఎదురు వచ్చే లారీ కంటికి కనబడేలోగా హారను చెవికి వినబడుతుంది. ఆ ఒక్క క్షణమే ప్రాణం కాపాడుతుంది. లోపల దరువు నిండిన కారుకు ఆ క్షణం ఉండదు. వరికోతల రోజులలో రోడ్డు పక్కన ధాన్యం ఆరబోసుకుని, ఆ పక్కనే నడుము వాల్చిన కూలీ కేక కూడా వినబడదు.

చెవి సంగతి సరేసరి. 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదని నిపుణులు లెక్క కట్టారు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్ల వద్ద 15 నిమిషాలే గడువు. గుడివాడ నుండి బందరు చేరేలోగా ఆ గడువు రెండు మూడు మార్లు దాటిపోతుంది. పోయిన వినికిడి మందులకు తిరిగి రాదు.

అద్దాలు ఎత్తితే బయటకు రాదనుకోవడం కూడా పొరపాటే. సన్నని శబ్దాన్ని గోడ ఆపుతుంది. లోతైన దరువును ఆపలేదు. 50 హెర్ట్జుల దరువుకు ఒక్కొక్క అల పొడవు సుమారు 7 మీటర్లు, అంటే 22 అడుగుల పైమాట. కారు పొడవే అంత ఉండదు. అటువంటి అలకు రేకు, అద్దం ఒక లెక్క కాదు. అందుకే పాట లోపలివారికి, దరువు ఊరివారికి దక్కుతున్నది.

ఆపరేషను చేయించుకుని వచ్చిన మనిషి, పురిటి బిడ్డ, ఇంటరు పరీక్షకు చదువుకునే పిల్ల, తెల్లవారుజామున వేటకు పోవడానికి పొద్దున్నే పడుకున్న గిలకలదిండి జాలరి, వీరంతా ఆ ఊరివారిలోనే ఉన్నారు. ‘‘అబ్బాయ్, కాస్త తగ్గించయ్యా, లోపల మీ తాతయ్యకు ఒంట్లో బాగోలేదు’’ అని గుమ్మంలో నుంచి ముసలమ్మ అడిగితే ‘‘అలాగే మామ్మగారూ’’ అనే కుర్రవారే మన పల్లెలలో ఎక్కువ. కాని పోయే కారును ఆపి అడిగేదెవరు? అడగకుండానే తెలుసుకోవలసిన విషయమిది.

మైకు విలువ తెలిసిన గడ్డ

వాహనానికి శబ్దం తగిలించడం ఈ జిల్లాకు కొత్త కాదు. ఎడ్లబండికి, రిక్షాకు రేకు హారన్లు కట్టి సినిమాలకు, సభలకు చాటింపు వేసిన రోజులు పెద్దలకు గుర్తే. గుడివాడకు చేరువలోని నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావు 1982లో పార్టీ పెట్టినప్పుడు పాత షెవర్లె వాహనాన్ని చైతన్యరథంగా మార్పించుకున్నారు. కుమారుడు హరికృష్ణ దానిని నడిపారు. ఆ వాహనం మీది మైకు రాష్ట్రమంతా తిరిగింది. ఆ రాజకీయం నచ్చినవారూ ఉన్నారు, నచ్చనివారూ ఉన్నారు. కాని ఆ మైకులో మాట ఉన్నది. జనం దగ్గరకు వచ్చి నిలబడి విన్నారు.

అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేసింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పది వేల మంది పోయారు. వేళకు అందిన ఒక్క హెచ్చరిక ఎంత విలువైనదో ఆ రాత్రి గడిపిన కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్, 2025 అక్టోబరులో మొంథా తుపానులు వచ్చినవి. సముద్రం మళ్లీ పొంగదన్న పూచీ ఎవరూ ఇవ్వలేరు. ఇటువంటి గడ్డ మీద శబ్దం వినోదం మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడా. నిత్యం మోతకు అలవాటు పడిన చెవి, చాటింపు వచ్చిన నాడు కూడా ‘ఎవరిదో పెళ్లి ఊరేగింపులే’ అనుకుని పక్కకు తిరిగి పడుకుంటుంది.

చట్టం అందరికీ ఒక్కటే

చట్టం లేక కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు మించరాదు. ఆసుపత్రులు, పాఠశాలలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు మోగరాదు. 2005 జులై 18న సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో గట్టిగా తీర్పు చెప్పింది. వాహనపు మూలరూపం మారేలా నిర్మాణం మారిస్తే మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. 2019 సవరణ ప్రకారం అటువంటి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. రేకు కోయకుండా, డిక్కీలో ఇమిడే పెట్టె పెట్టుకునేవారికి ఇది అడ్డు కాదు. ట్రాలీ మీద ఇంటి ఎత్తు స్పీకర్లు పేర్చి, కరెంటు తీగల కింద ఊరేగే డీజే బండ్లవారు మాత్రం ఆలోచించుకోవాలి. 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు ఊరేగింపులలో డీజేలను నిషేధించారు.

కుర్రవారు వేసే ఎదురు ప్రశ్న ఒకటి ఉన్నది. ‘‘పెద్దల మైకుల సంగతేమిటి?’’ అని. గుడి, చర్చి, మసీదు, పార్టీ ప్రచారపు ఆటో, పెళ్లివారి పందిరి, ఏదీ తక్కువ తినలేదు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని పెద్దలు కారు అద్దం తట్టి నీతులు చెబితే చెల్లదు. తెల్లవారకుండానే గోపురం మీది హారను మోగించే ఊరికి, రాత్రి కారు మోతను ఆపే నైతిక బలం ఉండదు. ముందు పెద్దలు తగ్గించి, ఆ తరువాత పిల్లలను తగ్గించమనడమే న్యాయం.

డీజే మీద, పెట్టెల పని మీద బతికే కుటుంబాలు ఉన్న మాట కూడా నిజమే. వారి పొట్ట కొట్టాలని ఎవరూ కోరడం లేదు. మోత తగ్గితే పని తగ్గదు. మంచి పెట్టెకు, చక్కని శబ్దానికి గిరాకీ పెరుగుతుంది.

చేయవలసింది కష్టమైనది కాదు. పెట్టె చేసి ఇచ్చే షాపువారు అప్పగించే ముందు ఒక్క పరీక్ష పెట్టుకోవాలి. అద్దాలు ఎత్తి, పాట పెట్టి, కారు దిగి పది అడుగులు నడవాలి. అక్కడ నిలబడితే దరువు గుండెకు తగలకూడదు. తగిలే చోట ఆంప్లిఫయరు మర నొక్కు దించి, ఖాతాదారుకు ఆ సంగతి చెప్పి పంపాలి. పోలీసు వారు శబ్దం కొలిచే మీటరుతో పండుగ రోజులలోనే కాక మామూలు రోజులలో కూడా రోడ్డు మీదకు రావాలి. పంచాయతీలు గ్రామసభలో అన్ని మైకులకూ కలిపి ఒక వేళ నిర్ణయించాలి.

పెట్టెను ఎవరికీ కనబడకుండా అమర్చడం గొప్ప పనితనమే. ఎవరికీ వినబడకుండా అమర్చగలిగిన నాడు ఆ పనితనం పూర్తయినట్లు.