క్లబ్బు ఏ దేశానిదైతేనేం?

2023 అక్టోబర్ 15. పారిస్ శివారులోని స్టాడ్ ద ఫ్రాన్స్‌లో రగ్బీ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. ట్రై (బంతిని ప్రత్యర్థి గోల్ లైన్ అవతల నేలకు ఆనించడం) సాధించిన ఊపులో ఉన్న ఫ్రాన్స్‌కు మరో రెండు పాయింట్లు తెచ్చే కన్వర్షన్ కిక్ కోసం థామస్ రామోస్ బంతిని కుదురుగా నిలబెట్టుకున్నాడు. కిక్కర్ కదిలేదాకా ప్రత్యర్థులు గోల్ లైన్ దాటకూడదు. రామోస్ కదిలాడో లేదో, దక్షిణాఫ్రికా వింగర్ చెస్లిన్ కోల్బీ బాణంలా దూసుకొచ్చి ఆ కిక్‌కు అడ్డుపడ్డాడు. ఆఖరుకు ఫ్రాన్స్ 28-29తో ఓడింది. పోయింది ఒక్క పాయింటే!

ఈ ఇద్దరూ ఒకప్పుడు నాలుగేళ్లపాటు ఫ్రాన్స్‌లోని తులూజ్ క్లబ్బుకు కలిసి ఆడినవాళ్లే.

కోల్బీది కేప్‌టౌన్ ప్రాంతం. ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు కూడా ఉండదు. కండలు తిరిగిన ఆజానుబాహుల ఆటలో ఈ బక్కపలచని కుర్రాడు నిలుస్తాడా అన్న సందేహం సొంతగడ్డపై అతణ్ని వెంటాడింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఏడుగురేసి ఆడే సెవెన్స్ రగ్బీలో కాంస్యం తెచ్చిన జట్టులో ఉన్నా, పదిహేను మంది ఆడే సీనియర్ జట్టు పిలుపు రాలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా! 2017లో తులూజ్ వెళ్లిపోయాడు. అక్కడ పక్కకు మెలితిరిగే అతని అడుగులకు డిఫెండర్లు బోల్తా కొట్టడం మొదలైంది. ఏడాది తిరగగానే, 2018లో, స్వదేశం జెర్సీ ఇచ్చింది. 2019లో యొకొహామాలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ కెప్టెన్ ఒవెన్ ఫారెల్‌ను ఒక్క మెలికతో తప్పించుకుని ట్రై చేశాడు.

దక్షిణాఫ్రికా పాత నిబంధన సడలించకపోయి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. విదేశాల్లో ఆడేవాళ్లకు కనీసం 30 టెస్టుల అనుభవం ఉండాలని 2017లో గిరిగీశారు. కోల్బీ ఖాతాలో అప్పటికి ఒక్కటీ లేదు! మరుసటి ఏడాది కోచ్‌గా వచ్చిన రాసీ ఎరాస్మస్ ఆ గీతను చెరిపేశాడు. ఫలితం 2019, 2023ల్లో వరుసగా రెండు ప్రపంచకప్‌లు.

తలుపులు తెరిస్తే దేశవాళీ క్లబ్బులు ఖాళీ అవుతాయన్నది సడలింపును వ్యతిరేకించేవాళ్ల వాదన. రాండ్లలో జీతమిచ్చే క్లబ్బు యూరోలతో పోటీపడలేదన్న మాట నిజమే. కానీ కోల్బీ వదిలివెళ్లిన స్టార్మర్స్ క్లబ్బే 2022లో ఐర్లాండ్, వేల్స్, స్కాట్లాండ్, ఇటలీ జట్లు కూడా ఆడే యునైటెడ్ రగ్బీ చాంపియన్‌షిప్ గెలిచింది. ఫైనల్లో ఎదురుపడ్డ బుల్స్ కూడా దక్షిణాఫ్రికా జట్టే. దీనికేమంటారు? (రిటైరైతే తప్ప మన పురుష క్రికెటర్లను విదేశీ టీ20 లీగులకు పంపని బీసీసీఐకీ ఈ ప్రశ్న వేయవచ్చు.)

విదేశీ క్లబ్బులకు ఆడేవాళ్లను జాతీయ జట్టులోకి తీసుకోబోమన్న పట్టును ఇంగ్లండ్ మాత్రం వీడలేదు. 2022లో అక్కడి వాస్ప్స్ క్లబ్బు దివాలా తీసి, ఇంగ్లండ్ ఆటగాడు జాక్ విల్లిస్ రోడ్డున పడ్డాడు. బతుకుదెరువుకు తులూజ్ చేరాడు. 2023 ప్రపంచకప్ వరకు మినహాయింపు ఇచ్చారు. ఆ తర్వాతా తులూజ్‌లోనే ఉంటానన్నందుకు జట్టు తలుపు మూసేశారు. 2024లో అదే విల్లిస్ తులూజ్‌తో యూరప్ కప్పు, ఫ్రాన్స్ టైటిల్ రెండూ గెలిచాడు. ఇంగ్లండ్ సెలెక్టర్ల జాబితాలో మాత్రం అతని పేరు లేదు.